దేవదూతకి దెయ్యం తోడు!

పైలోకంలో ఒకరికి కొలువు. కిందిలోకంలో ఇంకొకరికి. రూలు ప్రకారం బద్ధశత్రువులు. చాటుగా మాత్రం ఆరువేల ఏళ్ల నాటి దోస్తులు! 1990లో అచ్చయిన ఓ ఇంగ్లిషు నవలలోని ఈ జంటకి దేశదేశాల్లో అభిమానులున్నారు. ఆ అభిమానానికి ఈమధ్యే ఓ పెద్ద పరీక్ష వచ్చిపడింది.

2019 జూన్‌లో అమెరికాలో ఓ మతసంస్థ సంతకాల సేకరణ మొదలెట్టింది. ‘గుడ్ ఒమెన్స్’ అనే సీరియల్ని వెంటనే ఆపేయాలన్నది డిమాండు. సైతాను మనుషుల్ని మంచివాళ్లుగా చూపిస్తున్నారనీ, దేవుడికి ఆడగొంతు పెట్టారనీ వాళ్ల ఫిర్యాదు. ఇరవై వేలకు పైగా జనం సంతకాలు చేశారు. అంతా పద్ధతిగానే జరిగింది కానీ చిన్న పొరపాటు దొర్లింది. అర్జీ పంపింది నెట్‌ఫ్లిక్స్‌కి. సీరియల్ తీసిందేమో అమెజాన్, బీబీసీ! ‘సరే, ఇంకెప్పుడూ తీయం’ అన్న అర్థం వచ్చేలా నెట్‌ఫ్లిక్స్ వాళ్లు ఓ జవాబు రాసి పడేశారు. అమెజాన్ వాళ్లూ తగ్గలేదు. మీరు దాన్ని ఆపితే మేం మీ ‘స్ట్రేంజర్ థింగ్స్’ని ఆపేస్తాం అన్నారు. ప్రపంచమంతా పడీపడీ నవ్వింది. అప్పటిదాకా ఆ పేరే విననివాళ్లు కూడా ‘ఏముందబ్బా అందులో’ అని చూడటం మొదలెట్టారు.

తమాషా ఏంటంటే... ఆ నవలలోనూ జరిగేది ఇదే. లోకం అంతమైపోవాల్సిన వేళ, పైవాళ్లూ కిందివాళ్లూ కలిసి ఓ తప్పు చిరునామా మీద కూర్చుంటారు!

అసలు కథేంటి?

కథ ఏదెను తోటలో మొదలవుతుంది. తూర్పు ద్వారం దగ్గర కాపలా ఉన్న దేవదూత పేరు అజిరఫేల్. చేతిలో మండే ఖడ్గం. పండు తినమని హవ్వ చెవిలో ఊదిన పాము క్రౌలీ. ఆదాము హవ్వల్ని తోటలోంచి పంపేశాక చూస్తే... బయట చలి, అడవి జంతువులు, పైగా ఆమె గర్భవతి. మనసొప్పక దేవదూత తన ఖడ్గాన్ని వాళ్లకిచ్చేశాడు. పైవాళ్లకి తెలిస్తే కొంప మునుగుతుంది. ఆ రహస్యం అతను చెప్పుకున్నది ఎవరితోననుకున్నారు... ఆ పాముతోనే! ఇంతలో లోకంలో మొట్టమొదటి వాన మొదలైంది.

అలా మొదలైన పరిచయం ఆరువేల ఏళ్లు సాగింది. ఇద్దరికీ భూమ్మీదే డ్యూటీ. ఒకరు మంచి చేయాలి, ఒకరు చెడు చేయాలి. ఒకచోట ఒకరు దీవించి వస్తే, ఇంకొకరు వెళ్లి దాన్ని చెడగొట్టి రావాలి. లెక్క చూస్తే మిగిలేది సున్నా. ‘ఈమాత్రం దానికి ఇద్దరం తిరగడమెందుకు’ అని ఓ ఒప్పందానికొచ్చారు. ఒకరి పని కూడా ఇంకొకరే చూసేసి, పైకి మాత్రం ఎవరి రిపోర్టు వాళ్లు పంపేస్తారు. గవర్నమెంటాఫీసుల్లో పనిచేసినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

దేవదూతకి లండన్‌లోని సోహోలో పాత పుస్తకాల దుకాణం ఉంది. పుస్తకాలంటే ఎంత ప్రాణమంటే, ఎవరైనా కొనడానికొస్తే దిగులుపడిపోతాడు. మంచి భోజనమన్నా బలహీనతే. దెయ్యానికేమో నల్లకళ్లద్దాలు, నల్ల బెంట్లీ కారు. ఆ కారులో ఏ క్యాసెట్టు రెండువారాలు పడి ఉన్నా, అది బీతోవెన్‌దైనా సరే, క్వీన్ బృందం పాటల క్యాసెట్టుగా మారిపోతుంది. ఇంట్లో పెంచుకునే మొక్కల్ని బెదిరించి మరీ ఏపుగా పెంచుతాడు. తన జన్మలో చేసిన అతిపెద్ద పాపకార్యంగా గర్వంగా చెప్పుకునేది ఏంటో తెలుసా... లండన్ చుట్టూ ఉన్న ఎం25 రింగురోడ్డు! 1986లో పూర్తయిన 188 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద రోజూ ఇరుక్కుపోయే లక్షలమంది పెట్టే శాపనార్థాలు పాతాళానికి ఇంధనమట. హైదరాబాద్‌లో సాయంత్రం ఆరింటికి ఫ్లైఓవరెక్కినవాళ్లకి ఈ జోకు విప్పి చెప్పాల్సిన పనిలేదు.

ఇక అసలు చిక్కు. ప్రకటన గ్రంథంలో చెప్పిన హార్‌మెగిద్దోను యుద్ధానికి ముహూర్తం పెట్టేశారు. క్రీస్తువిరోధి పసిబిడ్డగా భూమ్మీదికొచ్చాడు. వాణ్ని ఓ అమెరికా దౌత్యవేత్త ఇంటికి చేర్చాలి. సైతాన్ని కొలిచే సన్యాసినుల ఆసుపత్రిలో బిడ్డల మార్పిడి జరిగింది. కానీ ఓ వాగుడుకాయ సన్యాసిని చేతిలో తారుమారైంది. పదకొండేళ్లపాటు రెండు లోకాలూ కళ్లలో వత్తులేసుకుని చూసింది ఒట్టి మామూలు పిల్లాణ్ని. అసలువాడు ఓ పల్లెటూళ్లో ముగ్గురు స్నేహితులతో ఆడుకుంటూ, హాయిగా పెరిగాడు. దేవదూతకీ దెయ్యానికీ లోకం అంతమవడం ఇష్టంలేదు. స్వర్గంలో మంచి హోటళ్లుండవు మరి!

మనకీ ఇలాంటివి కొత్తేం కాదు. యమధర్మరాజుని ఆఫీసరుగా, చిత్రగుప్తుణ్ని గుమస్తాగా చూసి ‘యమగోల’ (1977) నాటినుంచీ నవ్వుతూనే ఉన్నాం. ‘యమలీల’ (1994)లో భవిష్యవాణి పుస్తకం జారి భూమ్మీద పడ్డట్టే, ఇక్కడా ఓ భవిష్యవాణి పుస్తకం ఉంది. ఆగ్నెస్ నట్టర్ అనే మంత్రగత్తె రాసింది. పొల్లుపోకుండా జరిగే జోస్యాలే అన్నీ. అచ్చయినప్పుడు ఒక్క కాపీ కూడా అమ్ముడుపోలేదట. ఒక్క తేడా ఏంటంటే, మన యముడూ చిత్రగుప్తుడూ ఒకే ఆఫీసు మనుషులు. వీళ్లిద్దరివీ ఎదురెదురు ఆఫీసులు.

ఫ్లాపీలో పుట్టిన కథ

1985లో లండన్‌లోని ఓ చైనీస్ రెస్టారెంట్లో నీల్ గేమన్ అనే కుర్ర విలేకరి, టెర్రీ ప్రాచెట్ అనే రచయితని ఇంటర్వ్యూ చేశాడు. ప్రాచెట్ అప్పటికి ‘డిస్క్‌వరల్డ్’ నవలలు మొదలెట్టిన కొత్త. స్నేహం కుదిరింది. తర్వాత కొన్నేళ్లకి గేమన్ ఓ పిల్లల కథల హీరోని క్రీస్తువిరోధిగా ఊహించి కొన్ని పేజీలు రాసి, స్నేహితులకి పంపి, మర్చిపోయాడు. ప్రాచెట్ మర్చిపోలేదు. ఫోన్ చేసి, తర్వాతేం జరుగుతుందో నాకు తెలుసు, కలిసి రాద్దామా అన్నాడు.

ఇంటర్నెట్ లేని రోజులు. ఫ్లాపీలు పోస్టులో వెళ్లేవి. రోజూ గంటలకొద్దీ ఫోన్లు. ప్రాచెట్ పొద్దున్నే లేచి రాసే మనిషి, గేమన్ రాత్రంతా రాసి మధ్యాహ్నం లేచే మనిషి. ‘లేవవయ్యా, ఓ మంచి ముక్క పడింది’ అన్న ధోరణిలో ఆన్సరింగ్ మెషిన్లో ప్రాచెట్ గొంతు ఎదురుచూస్తూ ఉండేదని గేమన్ చాలాసార్లు చెప్పాడు. మొదట్లో పిల్లల గ్యాంగుని ఎక్కువగా ప్రాచెట్ రాస్తే, బైకుల మీదొచ్చే ప్రళయ రౌతుల్ని ఎక్కువగా గేమన్ రాశాడు. ఆ నలుగురు రౌతుల్లో ‘తెగులు’ 1936లో, పెన్సిలిన్‌ని తిట్టుకుంటూ రిటైరైపోయి, ఆ కుర్చీలో ‘కాలుష్యం’ చేరుతుంది! చివరికొచ్చేసరికి ఎవరిదే వాక్యమో వాళ్లే గుర్తుపట్టలేకపోయారు. మొత్తమ్మీద ఎక్కువ పదాలు టైపు చేసింది తనేనని ప్రాచెట్ ఓ ఇంటర్వ్యూలో చెప్పాడు. అప్పుడది ఎవరూ పెద్దగా పట్టించుకోని మాట. చాలా ఏళ్ల తర్వాత మాత్రం అభిమానులు ఆ మాటనే వెతుక్కుని మరీ పట్టుకున్నారు. ఎందుకో కాసేపట్లో చెప్పుకుందాం.

1990లో పుస్తకం వచ్చింది. దీని అభిమానుల్ని గుర్తుపట్టడం చాలా తేలికట. సంతకం కోసం తెచ్చే కాపీలు చూస్తే చాలు. స్నానాల తొట్టిలో పడి ఉబ్బినవి, పులుసు మరకలవి, అట్టలూడి టేపుతో అతికించినవి, పేజీలన్నీ విడిపోయి సంచీలో వేసుకొచ్చినవి. కొత్త కాపీ తెచ్చేవాళ్లే తక్కువని రచయితలిద్దరూ మురిసిపోతూ చెప్పుకొన్నారు. సినిమా ప్రయత్నాలూ జరిగాయి. దర్శకుడు టెర్రీ గిలియమ్ 2002 ప్రాంతంలో జానీ డెప్, రాబిన్ విలియమ్స్‌లతో తీయాలని చూశాడు. డబ్బు పుట్టక ఆగిపోయింది.

ఖాళీ కుర్చీలో టోపీ

2007 డిసెంబరులో ప్రాచెట్ తనకి అల్జీమర్స్ వచ్చిందని ప్రకటించాడు. అప్పటికి 59 ఏళ్లు. ఇంతింత పెద్ద నవలలు అల్లిన బుర్రకి మతిమరుపు జబ్బు! ఆయన దాచుకోలేదు. మర్నాటి ఏడాదే ఆ జబ్బు మీద పరిశోధనకి పది లక్షల డాలర్లు విరాళమిచ్చాడు. ‘మన అయ్య ఇచ్చినంతా మనమూ పోగుచేద్దాం’ అని అభిమానులు చందాలకి బయల్దేరారు. మనదగ్గర అభిమాన సంఘాలు రక్తదాన శిబిరాలు పెట్టినట్టే ఇదీ. కటౌట్లూ పాలాభిషేకాలే అభిమానమనుకునేవాళ్లు ఈ వైపు కూడా చూడాలి.

2015 మార్చి 12న ప్రాచెట్ కన్నుమూశాడు. ఆయన్ని వెనక్కి పంపమని ‘మృత్యువు’కే అర్జీ పెట్టి వేలమంది సంతకాలు చేశారు. ఆయన నవలల్లో మృత్యువు ఓ పాత్ర మరి, అందుకని! అంతకన్నా కదిలించే పని ఇంకోటి చేశారు. ఆయన నవల ఒకదాంట్లో, చనిపోయిన టెలిగ్రాఫ్ ఉద్యోగుల పేర్లని తంతి స్తంభాల మీద అటూఇటూ ఆగకుండా పంపుతూనే ఉంటారు. పేరు పలుకుతున్నంతకాలం మనిషి పోనట్టేనని వాళ్ల నమ్మకం. కంప్యూటర్ చదువులున్న అభిమానులు తమ వెబ్‌సైట్ల లోపల, పైకి కనపడని చోట, ప్రాచెట్ పేరుని అలాగే ఇరికించారు. పేజీ తెరిచిన ప్రతిసారీ ఆ పేరు తీగల మీద ప్రయాణం చేస్తుంది. చూసేవాడికి తెలియను కూడా తెలియదు.

ఇద్దరం కలిసే తప్ప ఈ కథ జోలికి వెళ్లకూడదని రచయితలిద్దరికీ ఒప్పందం ఉండేది. వెళ్లిపోయే ముందు ప్రాచెట్ ఓ ఉత్తరంలో ‘నువ్వే తెరమీదికి తీసుకురా’ అని అడిగాడని గేమన్ చెప్పాడు. అలా పుట్టిన ఆరు భాగాల సీరియల్ 2019 మే 31న వచ్చింది. లండన్లో తొలి ప్రదర్శన రోజు ముందు వరసలో ఓ కుర్చీ ఖాళీగా ఉంచారు. అందులో ప్రాచెట్ నల్లటోపీ. తెరమీద దేవదూత పుస్తకాల షాపులోనూ ఓ మూల కొక్కేనికి ఆ టోపీ, మఫ్లరూ వేలాడుతూ కనిపిస్తాయి. పాత అభిమానులు మొదట వెతికేది వాటికోసమే.

అది స్నేహమా, ప్రేమా?

దేవదూతగా మైకేల్ షీన్, క్రౌలీగా డేవిడ్ టెనంట్. ఒకరు ‘ది క్వీన్’లో టోనీ బ్లెయిర్‌గా మెప్పించినవాడు, ఇంకొకరు ‘డాక్టర్ హూ’గా ఇంటింటికీ తెలిసినవాడు. ఈ ఇద్దరి మధ్య తెరమీద పండిన చనువు అంతాయింతా కాదు. తర్వాత 2020 లాక్‌డౌన్లో ఇద్దరూ ఎవరింట్లో వాళ్లు కూర్చుని కెమెరాల్లో గొడవపడే ‘స్టేజ్డ్’ అనే కామెడీ చేస్తే, అదీ హిట్టయింది.

అభిమానుల్ని కట్టిపడేసింది మాత్రం మూడో భాగం. మొదటి అరగంట దాకా అసలు కథే ఉండదు. నోవహు ఓడ దగ్గర్నుంచి సిలువ దాకా, రోమ్ నుంచి షేక్‌స్పియర్ నాటకశాల దాకా, ఫ్రెంచి విప్లవం నుంచి 1941 లండన్ బాంబుదాడుల దాకా వీళ్లిద్దరూ ఎప్పుడెప్పుడు కలిశారో చూపిస్తారంతే. నవలలో లేనిది. సీరియల్ కోసం రాసింది. 1941 సన్నివేశంలో దెయ్యం చర్చిలోకొస్తుంది, పవిత్ర నేల అరికాళ్లని కాలుస్తుంటే గెంతుతూ. నాజీల చేతిలో ఇరుక్కున్న స్నేహితుణ్ని కాపాడ్డానికి. బాంబు పడి చర్చి కూలిపోయాక, ‘అయ్యో, నా పుస్తకాలు’ అని దేవదూత అనుకునేలోగా శిథిలాల్లోంచి పుస్తకాల సంచీ తీసి చేతిలో పెడుతుంది. అంతే. ఆ సంచీ అందుకున్నప్పుడు షీన్ ముఖంలో మారిన రంగుల మీద అభిమానులు రాసిన వ్యాసాలు కలిపితే అసలు నవల కన్నా లావుంటాయేమో!

దేవదూత ఆ దెయ్యాన్ని ప్రేమిస్తున్నాడన్న ఉద్దేశంతోనే తాను నటించానని షీన్ బాహాటంగానే చెప్పాడు. ఇంకేముంది... అభిమానులకి పండగ. బొమ్మలు గీశారు, కథలు రాశారు. అభిమానుల కథలకి ఓ పెద్ద భాండాగారమే ఉంది ఇంటర్నెట్లో. జీతాల్లేని కార్యకర్తలు నడిపే ఆ భాండాగారానికి 2019లో హ్యూగో పురస్కారం వచ్చింది. మరుసటేడు సీరియల్‌కీ హ్యూగో దక్కింది. ఆ కథల్లో ఇద్దరూ ఉద్యోగాలు మానేసి, ఇంగ్లండ్‌లోని సౌత్ డౌన్స్ కొండల్లో ఓ కుటీరం కట్టుకుని, ఒకరు పుస్తకాలు సర్దుకుంటూ, ఇంకొకరు మొక్కల్ని తిట్టుకుంటూ బతికేస్తుంటారు. వేషాలు కట్టేవాళ్లకీ ఇది తేలిక. లేతరంగు కోటు, మెడకో బో టై ఉంటే ఒకరు. నల్లబట్టలు, ఎర్రజుట్టు, కళ్లద్దాలుంటే ఇంకొకరు. ఇద్దరు స్నేహితులుంటే చాలు.

స్వలింగ ప్రేమికులైన పాఠకులకి ఈ కథ ఇంకో రకంగా దగ్గరైంది. పైవాళ్లకి తెలియకుండా, పేరుపెట్టి పిలవకుండా, బెంచీకి చెరో చివరా కూర్చుని ఎటో చూస్తూ మాట్లాడుకునే ప్రేమ వాళ్లకి బాగా తెలిసిందే. అంతకాలం ‘ఊరికే స్నేహితులు’ అని తేల్చేసేవాళ్లతో వాళ్లు వాదిస్తూ వచ్చారు. 2023 జులై 28న రెండో సీజన్ వచ్చి ఆ వాదన తేల్చేసింది. చివరి భాగంలో క్రౌలీ మనసు విప్పి, ముద్దు పెట్టుకుంటాడు. అయితే దేవదూతకి అప్పుడే పైనుంచి ప్రమోషన్ వచ్చింది. స్వర్గాన్ని బాగుచేయొచ్చన్న ఆశతో అతను లిఫ్టెక్కి వెళ్లిపోతాడు. కారు పక్కన నిలబడి దెయ్యం చూస్తూ ఉండిపోతుంది. ఆరువేల ఏళ్ల తర్వాత నోరు విప్పితే జరిగిందది! కొన్నాళ్లపాటు అభిమానులకి ముద్ద దిగలేదంటే నమ్మాలి.

అదే ఆగస్టులో కొలీన్ డోరన్ గీసే బొమ్మల నవల కోసం ప్రాచెట్ వారసత్వ సంస్థ కిక్‌స్టార్టర్‌లో చందాలడిగితే 24 లక్షల పౌన్లకు పైగా వచ్చిపడ్డాయి. డిసెంబరులో మూడో సీజన్ కూడా ఖాయమైంది.

అట్ట మీద రెండు పేర్లు

2024 జులైలో పిడుగు పడింది. గేమన్ తమని లైంగికంగా వేధించాడని, దాడి చేశాడని మహిళలు చెప్పిన సంగతులు ఓ బ్రిటిష్ మీడియా సంస్థ పాడ్‌కాస్ట్‌లో బయటికొచ్చాయి. తర్వాత మరికొందరు ముందుకొచ్చారు. 2025 జనవరిలో న్యూయార్క్ మేగజీన్ సుదీర్ఘ కథనం అచ్చేసింది. ఎవరితోనూ వాళ్ల ఇష్టం లేకుండా ప్రవర్తించలేదని గేమన్ ఆ ఆరోపణల్ని ఖండించాడు.

అభిమానుల సంగతి చెప్పేదేముంది! స్త్రీల పక్షాన, బలహీనుల పక్షాన నిలబడే రచయితగా గేమన్‌కి పేరు. సోషల్ మీడియాలో రోజూ అభిమానుల ప్రశ్నలకి ఓపిగ్గా జవాబులిచ్చేవాడు. మామూలు రచయితైతే ‘మనకెందుకులే’ అనుకోవచ్చు. ఈయన దాదాపు ఇంట్లో మనిషి. కొందరు పుస్తకాలు అటకెక్కించారు. టాటూలు వేయించుకున్నవాళ్లు వాటినేం చేయాలో తెలియక తలలు పట్టుకున్నారు. కథలు రాయడం మానేసినవాళ్లున్నారు. మానకుండా, ‘ఈ కథ మాది, మేం పెంచుకున్నది’ అని ఇంకా పట్టుదలగా రాసినవాళ్లూ ఉన్నారు. ఇదిగో, ఇక్కడే ప్రాచెట్ పాత ఇంటర్వ్యూ బయటికొచ్చింది. ఎక్కువ రాసింది ఆయనే కదా, కాబట్టి ఇది ఆయన పుస్తకమేనని ఓ వాదన. వినడానికి ఊరటగానే ఉంటుంది కానీ, నిలబడే వాదన కాదు. ఎవరి వాక్యమేదో వాళ్లిద్దరికే తెలియనప్పుడు మనం ఏ పేజీ చించుతాం? పైగా గాయపడ్డామని చెబుతున్న మహిళల ముందు పదాల లెక్కలు తీయడం ఏం బాగుంటుంది! మరికొందరు అభిమానులు ఆ మాటే అన్నారు. ముందు వాళ్ల మాట వినండి, సీరియల్ సంగతి తర్వాత చూసుకుందామని.

2024 సెప్టెంబరులో మూడో సీజన్ పనులు ఆగిపోయాయి. వందలమంది సాంకేతిక నిపుణుల కూడు, ప్రాచెట్ చివరి కోరిక, ఆ లిఫ్టు దగ్గర తెగిపోయిన కథ... అన్నీ గాల్లో వేలాడాయి. అక్టోబరులో ఓ మధ్యేమార్గం దొరికింది. ఆరు భాగాలు కాకుండా 90 నిమిషాల ఒకే ఒక్క భాగంతో ముగించాలని, నిర్మాణంలో గేమన్ ఉండకూడదని తేల్చారు. 2025 మొదట్లో స్కాట్లాండ్‌లో చిత్రీకరణ జరిగింది.

బొమ్మల నవల దగ్గరా అలాంటి నిర్ణయమే. కిక్‌స్టార్టర్ సొమ్ములో గేమన్‌కి వాటా వెళ్లదని ప్రాచెట్ వారసత్వ సంస్థ 2025 జనవరిలో చెప్పింది. వద్దనుకున్నవాళ్లు డబ్బు వెనక్కి అడగొచ్చనీ తలుపు తెరిచింది. మధ్యలో ఇరుక్కున్నది డోరన్. క్యాన్సర్‌కి చికిత్స చేయించుకుంటూ ఆ బొమ్మలు గీస్తూ వచ్చింది ఆమె. ‘డబ్బు వెనక్కి తీసుకుంటే ఆమె కష్టానికి అన్యాయం చేసినట్టా, తీసుకోకపోతే ఆ మహిళలకా’ అన్న మీమాంస ఎవరికి వాళ్లే తేల్చుకోవాల్సొచ్చింది.

లండన్ వెళ్లే అభిమానులు ఇప్పటికీ ముందు సెయింట్ జేమ్స్ పార్కుకి వెళ్తారు. నవలలో దేవదూతా దెయ్యమూ రహస్యంగా కలుసుకుని బాతులకి రొట్టెముక్కలు వేసేది అక్కడే. ఏదో ఓ బెంచీ చూసుకుని, చెరో చివరా కూర్చుని ఫొటో దిగుతారు. రొట్టె మాత్రం ఇంట్లోనే వదిలేసి వెళ్లాలి. పక్షులకి తిండి పెట్టొద్దని పార్కు వాళ్ల విన్నపం.